ఎర్ర అట్ట - నీలం అట్ట



ఈవేళ ఓ ఇంగ్లీషు పాటల బృందం గురించి మీతో ముచ్చటించాలనుకుంటున్నాను. ఆవకాయ మీదా, పిల్లల పరీక్షల మీదా మాట్లాడే మనిషికి ఇదేం పోయేకాలం అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. నా చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. ఇంగ్లీషు పాటల్లో మాటలు ఇప్పటికీ నాకు సగమే అందుతాయి. కాని ఆ పాటల మూలంగా మా యింట్లో మూడు తరాలవాళ్ళు కొన్ని వారాలపాటు ఎడమొహం పెడమొహంగా మసిలారు. మధ్యన వడ్డించేదాన్ని నేను. అంచేత సంగతేమిటో తెలుసుకోక తప్పింది కాదు.

ఆ బృందం పేరు బీటిల్స్. పేరు వినగానే పేడపురుగు గుర్తొస్తుందంటారా? పురుగు పేరే. అందులోనే తాళం అని అర్థమొచ్చే 'బీట్' అన్న మాట కలిసేలా అక్షరాలు మార్చి పెట్టుకున్నారు. ఇంగ్లాండులో లివర్‌పూల్ అనే రేవుపట్నానికి చెందిన నలుగురు కుర్రాళ్ళు - జాన్ లెనన్, పాల్ మెక్‌కార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. మూడు గిటార్లూ, ఓ డ్రమ్ముల సెట్టూ. 1962లో మొదటి రికార్డు, 1970లో విడిపోవడం. అంటే రికార్డులు చేసింది ఎనిమిదేళ్ళే! మన పిల్ల ఎల్.కె.జి.లో చేరి ఆరో తరగతికి వచ్చేటంత కాలం.

2023 నవంబరులో ఓ ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి సెల్‌ఫోనులో ఓ పాట పెట్టి, "తాతయ్యా, మీ బీటిల్స్ కొత్తపాట వచ్చింది, వినండి" అంది. మా మామగారికి అప్పుడు డెబ్బయ్యారేళ్ళు.

"కొత్తపాటేమిటే తల్లీ? ఆ గొంతు జాన్ లెనన్‌ది. ఆయన పోయి నలభయ్యేళ్ళు దాటింది" అన్నారాయన.

"అదే కదండీ విశేషం! పాత క్యాసెట్టులోంచి మిషను సాయంతో గొంతు విడదీశారట."

ఆయన కళ్ళు మూసుకుని పాటంతా విన్నారు. అయ్యాక, "చచ్చిపోయినవాడికి రంగు పూసి ఊరేగించినట్టుంది" అని లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. భోజనానికి వచ్చిన మా బావగారు (మా వారి అన్నగారు) ఊరుకోవచ్చు కదా! "నాన్నగారి సంగతి తెలిసిందేగా. 1966 తర్వాత వాళ్ళు చేసిందేదీ ఆయన దృష్టిలో సంగీతమే కాదు" అన్నారు. లోపల్నించి, "నీకు 1966 ముందు చేసినవి తెలిస్తే కదా!" అని కేక. అదిగో, అలా రాజుకుంది.

నేను గిన్నెలు సర్దుకుంటూ ఆలోచించాను. నలుగురు మనుషులు ఎనిమిదేళ్ళలో చేసిన పాటల దగ్గర తాతకీ, కొడుక్కీ, మనవరాలికీ ఇంత పేచీ ఎందుకొచ్చినట్టు? మర్నాటినుంచి ముగ్గుర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. దొరికిన పుస్తకాలు మా వారిచేత చదివించుకున్నాను. పాటలూ విన్నాననుకోండి, కూరలు తరుగుతూ.

ముందు ఆ ఎర్ర అట్టా నీలం అట్టా ఏమిటో చెప్పాలి. బీటిల్స్ విడిపోయాక 1973లో వాళ్ళ పాటల్లో ఎంపికచేసినవి రెండు జంట రికార్డులుగా వేశారు. 1962 నుంచి 1966 దాకా పాటలకి ఎర్ర అట్ట, 1967 నుంచి 1970 దాకా వాటికి నీలం అట్ట. ఎర్రదాని మీద, లండన్‌లో రికార్డు కంపెనీ ఆఫీసు మెట్లమీంచి కిందికి వంగి చూస్తున్న నలుగురు కుర్రాళ్ళు, 1963లో తీసిన ఫొటో. నున్నటి మొహాలు, నవ్వులు. నీలందాని మీద అదే చోట అదే ఫొటోగ్రాఫరు 1969లో తీసిన ఫొటో. ఆరేళ్ళలో జుట్టు భుజాలమీదికి దిగింది, గడ్డాలూ మీసాలూ వచ్చాయి. ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. మన పెళ్ళినాటి ఫొటో పక్కన పదేళ్ళ తర్వాతి రేషన్‌కార్డు ఫొటో పెట్టినట్టుంది.

మామగారు ఎర్ర అట్ట మనిషి. బావగారు నీలం అట్ట. మా అమ్మాయికి అసలు అట్టే తెలియదు; పాట ఫోనులో వస్తుంది.

మామగారి చిన్నతనం సికింద్రాబాదులో గడిచింది. 1964లో ఆయనకి పదిహేడేళ్ళు. రేడియో సిలోనులో ఇంగ్లీషు పాటలొచ్చే వేళకి లాలాగూడ రైల్వే క్వార్టర్సులో ఓ ఆంగ్లో ఇండియన్ స్నేహితుడి ఇంటికి సైకిలు తొక్కుకుంటూ పోయేవారట. ఆ ఇంట్లో గ్రామఫోనూ ఉండేది, రెండు ప్లేట్లూ ఉండేవి. కొత్త ప్లేటు ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే నలుగురు కుర్రాళ్ళు చుట్టూ చేరి అరిగిపోయేదాకా వినడమే. ఆ పాటలన్నీ రెండు నిముషాలు, రెండున్నర నిముషాలు. చటుక్కున మొదలవుతాయి, ఊపేస్తాయి, అయిపోతాయి. వాళ్ళ మొదటి ఎల్.పి.లో పది పాటలు ఒక్కరోజులో, 1963 ఫిబ్రవరి 11న, రికార్డు చేసేశారట. ఆవేళ లెనన్‌కి జలుబు కూడానూ. మన పెళ్ళివంటవాళ్ళు తెల్లవారేసరికి పది రకాలు దించేసినట్టు!

ఆ తర్వాతి సంగతి మీరెరిగే వుంటారు. 1964 ఫిబ్రవరిలో అమెరికా టీవీలో వాళ్ళు పాడితే ఏడు కోట్లమందికి పైగా చూశారు. 1965 ఆగస్టులో న్యూయార్కులో షే స్టేడియంలో 55 వేలమందికి పైగా జనం. ఎక్కువమంది ఆడపిల్లలే. ఆ అరుపుల్లో పాడేవాళ్ళకి తమ పాట తమకే వినిపించేది కాదు. ఇదెక్కడి గోల అని విసుగొచ్చి 1966 ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ చేసి, ఇక స్టేజీ ఎక్కం అని స్టూడియోలోకి పోయి తలుపేసుకున్నారు.

తాతకీ కొడుక్కీ మధ్య గోడ లేచింది సరిగ్గా ఇక్కడే.

స్టేజీ మీద పాడడానికి వీలుకాని పాటలు చేయడం అప్పటికే మొదలెట్టారు; ఇక స్టేజీ మీద పాడనక్కర్లేదు కనక ఆ పని ఇంకా ఎక్కువైంది. టేపును ముక్కలు కత్తిరించి చుట్టలుగా అతికించి తిప్పారు. వెనకనుంచి ముందుకి తిప్పారు. లెనన్ ఒకసారి, దలైలామా కొండమీంచి మంత్రం చదువుతున్నట్టు తన గొంతు వినిపించాలన్నాడట. స్టూడియో వాళ్ళు ఆయన గొంతుని ఆర్గన్ పెట్టెలో గిరగిరా తిరిగే స్పీకరులోంచి పోనిచ్చి ఆ ముచ్చట తీర్చారు. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్' అనే ఎల్.పి.కి దాదాపు అయిదు నెలలు పట్టింది. అందులో చివరి పాటకి నలభైమంది వాయిద్యగాళ్ళను పిలిపించారు. ఒక్కరోజులో పది పాటలు చేసినవాళ్ళేనా వీళ్ళు?

అభిమానులు దీన్ని వెంటనే నెత్తికెత్తుకున్నారనుకుంటే పొరపాటు. ఇప్పుడు అందరూ గొప్పగా చెప్పుకునే 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్', 'పెన్నీ లేన్' పాటల రికార్డు 1967 ఫిబ్రవరిలో వస్తే ఇంగ్లాండులో మొదటి స్థానానికి చేరనేలేదు. ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ అనే ఆయన పాడిన ఓ మెత్తని ప్రేమపాట అడ్డుపడింది. అమెరికాలో డిక్ క్లార్క్ నడిపే టీవీ కార్యక్రమంలో ఆ పాట తాలూకు ఫిలిం వేసి, కూర్చున్న పిల్లల్ని అభిప్రాయాలడిగితే, మీసాలు బాగాలేవన్నారు, తాతల్లా వున్నారన్నారు. ఇరవయ్యేడేళ్ళు నిండని కుర్రాళ్ళు మరి! 'సార్జెంట్ పెప్పర్' వచ్చినప్పుడు లోకమంతా మెచ్చుకుంటుంటే న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అనే విమర్శకుడు, హంగులెక్కువై సరుకు తగ్గిందన్న ధోరణిలో రాశాడు. మామగారు ఇప్పటికీ ఆ మాటే అంటారు, ఆ వ్యాసం ఆయన చూసి వుండరు గాని.

"అది కాదమ్మా," అన్నారాయన నాతో, "మేము వాళ్ళతోబాటు పెరిగాం. వాళ్ళు పాడితే మాకోసం పాడుతున్నట్టుండేది. తర్వాత వాళ్ళలో వాళ్ళే పాడుకోవడం మొదలెట్టారు. మమ్మల్ని గది బయట నిలబెట్టారు."

ఈ మాట నాకు బాగా పట్టింది. ఆయన దుఃఖం పాట మారిందని కాదు, తలుపేసుకున్నారని.

ఇంక మా బావగారు. ఆయన పుట్టేసరికే బీటిల్స్ విడిపోయి రెండేళ్ళయింది. కాలేజీ రోజుల్లో, 1989 ప్రాంతాల్లో, అబిడ్సులో నీలం అట్ట క్యాసెట్లు కొనుక్కున్నారు. ఆయనకి ఎదురుచూపుల్లేవు, నిరాశా లేదు. అంతా అయిపోయిన కథ, పుస్తకంలా చేతికొచ్చింది. పుస్తకంలో ఎవరికైనా చివరి అధ్యాయాలే రుచి. పైగా అప్పటికి పత్రికలన్నీ 'మొదటివి పిల్లల పాటలు, తర్వాతవి కళ' అని తీర్మానించేసి వున్నాయి. చదువుకున్న కుర్రాడు దేన్ని పట్టుకుంటాడు? కళనే పట్టుకుంటాడు. ఎర్ర అట్ట పాటలు ఆయనకి పుట్టినరోజు పండగల్లో బెలూన్ల మధ్య వేసే పాటలు, అంతే.

ఇక్కడ నాదో చిన్న ఫిర్యాదు. 'మొదటివి పిల్లల పాటలు' అన్న ఈ తీర్పు ఇచ్చిందెవరు? 1964లోనే లండన్‌లో న్యూ స్టేట్స్‌మన్ పత్రికలో పాల్ జాన్సన్ అనే ఆయన, బీటిల్స్ కోసం కేకలేసే పిల్లలంతా మందమతులూ సోమరులూ ఎందుకూ కొరగానివాళ్ళూ అన్నట్టు రాశాడు. ఆ కేకలేసినవాళ్ళు ఆడపిల్లలు. స్కూలు యూనిఫాముల్లో వున్న ఆ పిల్లలు, పెద్ద పెద్ద విమర్శకులు ఎవరూ గుర్తించకముందే ఆ నలుగురిలో ఏదో వుందని కనిపెట్టి, జేబుఖర్చు డబ్బులు కూడబెట్టి రికార్డులు కొని, వాళ్ళని అంతవాళ్ళని చేశారు. మూడేళ్ళు పోయాక మగ విమర్శకులు చేరి, 'ఇప్పుడు వీళ్ళు పెద్దవాళ్ళయ్యారు, ఇది కళ' అన్నారు. వంట చేసినంతకాలం 'ఆడవాళ్ళ పని', హోటలు పెట్టి మగవాడు వండితే 'పాకశాస్త్రం'! ఏమంటారు?

మా అమ్మాయి తరం సంగతి ఇంకో రకం. పదిహేనేళ్ళ పిల్లకి 1963 అయినా 1969 అయినా తాతలనాటిదే. ముందు, వెనక అన్న పట్టింపే లేదు. ఫోనులో పాటలన్నీ ఒక్కసారే ఎదురుగా వుంటాయి. ఈ పిల్లలు అత్యధికంగా వినే బీటిల్స్ పాట ఏదో తెలుసా? జార్జ్ హారిసన్ రాసిన 'హియర్ కమ్స్ ది సన్'. 1969లో 'ఏబీ రోడ్' ఎల్.పి.లో వచ్చింది. ఇంగ్లాండులో ఆ రోజుల్లో దాన్ని విడి రికార్డుగా కూడా వేయలేదు. అలాంటిది 2023లో స్పాటిఫై అనే ఒక్కచోటే నూరుకోట్ల సార్లు దాటింది. హారిసన్ ఆ బృందంలో చిన్నవాడు. పెద్దవాళ్ళిద్దరూ పేజీలకి పేజీలు రాసుకుంటుంటే ఎల్.పి.కి ఒకటో రెండో పాటల చోటు దొరికేది. ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలికి బీరువాలో ఒక అర దొరికినట్టు. మామగారు ఆయన్ని 'ఆ మూడోవాడు' అంటారు. అమ్మాయికి ఆయనే మొదటివాడు.

తూకం ఎలా మారిందో చూడాలంటే ఓ లెక్క చెబుతాను. అమెరికాలో రోలింగ్ స్టోన్ అనే పత్రిక సంగీతం తెలిసినవాళ్ళ ఓట్లతో 500 గొప్ప ఆల్బముల జాబితా వేస్తుంది. 2003లో వేసినప్పుడు 'సార్జెంట్ పెప్పర్' మొదటిది, 'ఏబీ రోడ్' పద్నాలుగోది. 2020లో కొత్తవాళ్ళని చేర్చి మళ్ళీ ఓట్లు వేయిస్తే 'సార్జెంట్ పెప్పర్' ఇరవైనాలుగుకి దిగిపోయింది, 'ఏబీ రోడ్' అయిదుకి ఎక్కింది. రికార్డులో ఒక్క అక్షరం మారలేదు. ఓటేసే చేతులు మారాయి.

చెవులు కూడా మారాయండోయ్! ఇది నాకు మా వారు చెప్పేదాకా తెలియదు. ఆ రోజుల్లో అందరి ఇళ్ళలోనూ ఒకే స్పీకరు. బీటిల్స్ కూడా ఒకే స్పీకరులో ఎలా వినిపించాలో దగ్గరుండి చూసుకునేవారు. రెండు స్పీకర్ల స్టీరియో పని స్టూడియోవాళ్ళకి వదిలేసి ఇంటికి పోయేవారు. అంచేత మొదటి రికార్డుల స్టీరియోలో గొంతులన్నీ ఒక పక్క, వాయిద్యాలన్నీ ఇంకో పక్క వుంటాయి. హాల్లో పెద్ద పెట్టెలో వింటే ఫరవాలేదు. ఇప్పటి పిల్లల్లా రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు దోపుకుని వింటే, ఒక చెవిలో మనిషి పాడుతున్నాడు, రెండో చెవిలో డ్రమ్ము మోగుతోంది! మా అమ్మాయి మొదట్లో ఎర్ర అట్ట పాటలు నచ్చలేదనడానికి సగం కారణం ఇదే. తర్వాతి రికార్డుల్లో ఈ ఎబ్బెట్టు తక్కువ.

దీన్ని సర్దడానికి వాళ్ళ రికార్డులు తయారుచేసిన జార్జ్ మార్టిన్ గారి అబ్బాయి జైల్స్ మార్టిన్ పూనుకున్నాడు. 2017 నుంచి ఒక్కో ఎల్.పి.నీ ఇప్పటి చెవులకి తగ్గట్టు మళ్ళీ కలిపి విడుదల చేస్తూ వచ్చాడు. 2023లో ఎర్ర అట్టనీ, నీలం అట్టనీ కూడా కొత్తగా తెచ్చారు. గొంతు మధ్యకొచ్చింది. అమ్మాయి సంబరపడి తాతకి వినిపిస్తే, "మా ప్లేటులో గొంతూ డ్రమ్మూ కరుచుకుని వుండేవి. వీడెవడో విడగొట్టాడు" అన్నారాయన. నాకైతే కొత్తదే హాయిగా వుంది. ఆ మాట పైకి అనలేదనుకోండి.

మన దేశం సంగతి చెప్పకపోతే బాగుండదు. 1966లో హారిసన్ రవిశంకర్ గారి దగ్గర సితారు నేర్చుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. 1968 ఫిబ్రవరిలో నలుగురూ భార్యలతోనూ స్నేహితురాళ్ళతోనూ ఋషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. రింగో మన తిండి పడదని డబ్బాల్లో ఉడికించిన చిక్కుడుగింజలు వెంట తెచ్చుకున్నాడు. మనం కాశీకి ఊరగాయ జాడీ పట్టుకెళ్ళమూ, అలాగే. పది రోజులకే వెళ్ళిపోయాడు. ఈగలంటే వాళ్ళావిడకి పడకపోవడం కూడా ఓ కారణమట. మిగతావాళ్ళు వుండి బోలెడు పాటలు కట్టారు. వాటిలో చాలామటుకు అదే ఏడు నవంబరులో వచ్చిన తెల్ల అట్ట జంట రికార్డులో చేరాయి, మొత్తం ముప్ఫై పాటలు. ఆ ఆశ్రమం తర్వాత పాడుబడితే 2015లో అటవీశాఖవాళ్ళు టిక్కెట్టు పెట్టి జనానికి తెరిచారు. ఆ తెల్ల అట్ట గురించి మామగారు, "సగం తీసేస్తే మంచి రికార్డయ్యేది" అంటారు. తమాషా ఏమిటంటే జార్జ్ మార్టిన్ గారిదీ అదే అభిప్రాయమట! మా అమ్మాయి మాత్రం, "ఒకటి జోల, ఒకటి గోల, ఒకటి వేళాకోళం. నా ఫోనులో పాటలూ అలాగే వుంటాయి కదమ్మా" అంటుంది.

ఇప్పుడు మనందరికీ పనికొచ్చే విషయం ఒకటుంది. బీటిల్స్ ఎందుకు విడిపోయారని మామగారినడగండి. ఠక్కున, "ఆ యోకో ఓనో వల్ల" అంటారు. లెనన్ రెండో భార్య, జపాను దేశస్థురాలు. 1968 నుంచి రికార్డింగుల్లో ఆయన పక్కనే కూర్చునేది. ఇంకేం, కోడలొచ్చింది, అన్నదమ్ములు విడిపోయారు! వినడానికి ఎంత పరిచయమైన కథో చూశారా?

జరిగింది వేరు. వాళ్ళ వ్యవహారాలన్నీ చూసుకునే బ్రయన్ ఎప్‌స్టైన్ 1967 ఆగస్టులో పోయాడు. ఆ పెద్దదిక్కు పోయాక డబ్బు సంగతులు ఎవరు చూడాలన్న దగ్గర పేచీ వచ్చింది. మెక్‌కార్ట్నీ తన మామగారివైపు వాళ్ళని పెడదామన్నాడు, మిగతా ముగ్గురూ అలెన్ క్లైన్ అనే ఆయన్ని తెచ్చారు. 1968లో రింగో కొన్నాళ్ళు అలిగి వెళ్ళాడు, 1969 జనవరిలో హారిసన్ వెళ్ళాడు. చివరికి 1970 డిసెంబరు 31న మెక్‌కార్ట్నీ లండన్ హైకోర్టులో భాగస్వామ్యం రద్దుకి దావా వేశాడు. ఇందులో ఆవిడ వేసిన కేసేదీ లేదు.

1969 జనవరిలో వాళ్ళు పాటలు కడుతుండగా తీసిన ఫిలిం నుంచి 1970లో ఓ సినిమా వచ్చింది. అప్పటికే విడిపోయారన్న వార్త తెలిసి చూసినవాళ్ళకి అందులో కనబడిందల్లా ముభావమూ, రుసరుసలే. అదే ఫిలిం, అరవై గంటల దాకా వున్నది, పీటర్ జాక్సన్ అనే దర్శకుడు తిరగేసి 2021లో 'గెట్ బ్యాక్' అని దాదాపు ఎనిమిది గంటల చిత్రం చేశాడు. మా అమ్మాయి అది రెండుసార్లు చూసింది. అందులో వాళ్ళు నవ్వుకుంటారు, టీ తాగుతారు, రొట్టెముక్కలు తింటారు, వెక్కిరించుకుంటారు. యోకో పక్కన కూర్చుని పత్రిక చదువుకుంటూ వుంటుంది. ఓచోట మెక్‌కార్ట్నీయే, ఇంకో యాభయ్యేళ్ళకి జనం, యోకో యాంప్లిఫయరు మీద కూర్చుందని వీళ్ళు విడిపోయారు అని చెప్పుకుంటారేమో అని హాస్యమాడతాడు. సరిగ్గా అలాగే చెప్పుకున్నారు, యాభయ్యేళ్ళూ! కొత్త తరం పిల్లలు ఆ నిందని పక్కన పారేశారు. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా మా అమ్మాయి పక్షం. మామగారికి కూడా ఆ బొమ్మ కొంత చూపించాం. "అరే, నవ్వుతున్నారే!" అన్నారు. ఇంకేమీ అనలేదు. మర్నాడు మిగతాది పెట్టమని ఆయనే అడిగారు.

సరే, తగాదా తెచ్చిన ఆ కొత్తపాట దగ్గరికి వద్దాం. దాని పేరు 'నౌ అండ్ దెన్'. లెనన్ 1970ల చివర న్యూయార్కులో తన ఇంట్లో పియానో వాయించుకుంటూ మామూలు క్యాసెట్టులో పాడుకున్నాడు. 1980 డిసెంబరు 8న ఆయన్ని కాల్చి చంపారు. 1994లో యోకో ఆ క్యాసెట్లు మిగతా ముగ్గురికీ ఇచ్చింది. రెండు పాటలు పూర్తిచేసి 1995, 96లలో విడుదల చేశారు. ఈ మూడోది మాత్రం పియానో గొంతుని మింగేస్తుండడంతో, గుయ్‌మన్న చప్పుడుతో, కుదరక వదిలేశారు. 2001లో హారిసన్ పోయాడు. పీటర్ జాక్సన్ బృందం పాత ఫిలిం శబ్దాలు విడదీయడానికి తయారుచేసిన కంప్యూటరు పద్ధతి వచ్చాక, లెనన్ గొంతు విడిగా తేలింది. హారిసన్ 1995లో వాయించిన గిటారు కలిపారు, మెక్‌కార్ట్నీ, రింగో తమ వంతు చేశారు. 2023 నవంబరు 2న వచ్చి ఇంగ్లాండులో మొదటి స్థానానికి చేరింది, 1969 తర్వాత మళ్ళీ యాభైనాలుగేళ్ళకి. 2025లో గ్రామీ బహుమతి కూడా వచ్చింది.

పాట మంచిదా కాదా అని మా ఇంట్లో తేలలేదు. బావగారు, "ఫరవాలేదు, నీలం అట్ట చివర పెట్టుకోవచ్చు" అన్నారు. నిజంగానే కొత్త నీలం అట్టలో దాన్ని చేర్చారు. మామగారు మాత్రం ఆ పాట ఊసెత్తితే లేచిపోయేవారు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

మా అత్తగారు 2017లో పోయారు. ఆవిడ గొంతు వున్న క్యాసెట్టు మా ఇంట్లో ఒక్కటే. 1991లో బావగారు కొత్త టూ ఇన్ వన్ కొన్నప్పుడు, వంటింట్లో మంగళహారతి పాడుకుంటున్న ఆవిడకి తెలియకుండా పట్టారు. అందులో కుక్కరు కూత వుంది, వీధిలో ఎవరో పాతసామాన్లవాడి కేక వుంది. మధ్యలో మామగారు హాల్లోంచి, "కాఫీ ఏమైందీ?" అని అరవడం వుంది. కొత్తపాట వచ్చిన నాలుగు రోజులకే అమ్మాయి తాత దగ్గరకెళ్ళి, "తాతయ్యా, ఇప్పుడు ఇంట్లో కంప్యూటరులో కూడా చెయ్యొచ్చు. నాన్నమ్మ గొంతు ఒక్కటే వుంచి మిగతావన్నీ తీసేస్తాను" అందట. మంచి మనసుతోనే అంది పిల్ల.

"నా కేక కూడా తీసేస్తావా?" అన్నారట ఆయన.

ఈ సంగతి నాకు అమ్మాయి చెప్పలేదు, ఆయనే చెప్పారు. "ఆ కేకకి ఆవిడ పాట ఆపి, 'వస్తున్నా' అంది. ఆ కేక తీసేస్తే ఆ 'వస్తున్నా' ఎవరికి చెప్పినట్టమ్మా?"

నేనేం చెప్పను? వెళ్ళి కాఫీ కలిపి తెచ్చిచ్చాను.

నెలరోజులు ఆ క్యాసెట్టు ఆయన బల్ల సొరుగులోనే వుంది. తర్వాత ఓనాడు ఆయనే దాన్ని అమ్మాయికి ఇచ్చి, "ఉన్నది ఉన్నట్టు ఒకటి చెయ్యి. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు ఇంకోటి చేసుకో" అన్నారు. రెండూ చేసింది. ఆయన మొదటిదే వింటారు, రెండోది ఇంతవరకూ ముట్టుకోలేదు. బావగారు రెండోది తన ఫోనులో ఎక్కించుకున్నారు. అమ్మాయి అందులో రెండో చరణానికి ముందు నాన్నమ్మ ఊపిరి తీసుకోవడం వినబడుతోందని పట్టుకుంది. కుక్కరు కూత కింద అది అన్నేళ్ళూ ఎవరికీ వినబడలేదు. నాన్నమ్మ పోయేసరికి దానికి తొమ్మిదేళ్ళు. నేను రెండూ విన్నాను. ఏది బాగుందంటే చెప్పలేను గాని, 'వస్తున్నా' దగ్గర మాత్రం మొదటిదే వింటాను.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి క్యాసెట్లు అటకమీద వుండే వుంటాయి. దించి చూడండి. లోపలి టేపు మీద తెల్లగా బూజు కనబడితే మాత్రం తొందరపడి టేపురికార్డరులో పెట్టకండి. టేపు పాడవుతుంది, ఆ బూజు మిషనుకీ, దాన్నించి మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. తెలిసినవాళ్ళకి చూపించండి. బూజు లేకపోతే, వినేముందు ఒకసారి చివరిదాకా ముందుకీ, మళ్ళీ వెనక్కీ తిప్పితే అంటుకున్న పొరలు విడతాయి. క్యాసెట్టు పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి, అవి విరగగొట్టేస్తే పొరపాటున దానిమీద ఇంకోటి రికార్డు కాదు. ఎండలోనూ, స్పీకర్ల పక్కనా పెట్టొద్దు. ముందు ఉన్నది ఉన్నట్టు ఓ ప్రతి తీయించుకుని, తర్వాతే శుభ్రం చేయించే పని పెట్టుకోండి.

వుంటాను మరి. సెలవు.